మోయువానికి తెలియవలదా?



వడ్ల బస్తా మోయువానికి అది వడ్ల బస్తా యని తెలియును. ఉప్పు మోయువానికి వాన తగిలిన ఉప్పు కరగునని తెలియును. కాని ప్రాణములు తీయగల సరకును మోయువానికి మాత్రము తాను మోయునది యేమో పలుమారు తెలియదు. చెప్పవలసినవారు చెప్పరు; అడుగవలసినవాడు అడుగడు. ఈ లోపమునుగూర్చి ఈ మాసము మన సంఘ సభ్యులతో కొన్ని మాటలు ముచ్చటింపదలచితిమి.

ఇది పోలీసులు చూచుకొనవలసిన సంగతి గదా, నాగలి పట్టువానికి దీనితో నేమి పని యని కొంద రనవచ్చును. అట్లనువారు ఒక్కసారి తమ సంఘపు గోదామును తలచుకొందురు గాక. అందు యూరియా కలదు, పురుగుమందులు కలవు, కలుపుమందులు కలవు. ఇంజనులకు డీజిలు పీపాలలో వచ్చుచున్నది. బావి త్రవ్వించునప్పుడు రాతిపొర అడ్డుపడిన, తూటాలు ప్రేల్చువారిని పిలిపించుచున్నాము. ఇవన్నియు ఎచ్చటనో తయారై, ఏదో లారీలో, ఎవరివో భుజములమీద మన యూరు చేరుచున్నవి. కర్మాగారమునకు కావలివాడుండును. గోదామునకు తాళముండును. ఈ రెంటి నడుమ గల దారిలో మాత్రము డ్రైవరు, క్లీనరు, హమాలీ తప్ప మరియొకడు లేడు. అచ్చట వారే తాళము, వారే కావలి.

హైదరాబాదు నగరమున అడిక్‌మెట్ అను పేట కలదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు శాశ్వతస్థానము ఆ అడిక్‌మెట్ నేలలయందే ఏర్పడెను. ఆర్ట్సు కళాశాల భవనము 1939లో అచ్చటనే ప్రారంభమయ్యెను. ఆ ఆవరణ దాటిన తార్నాక వచ్చును. 1944లో నిజాము ప్రభుత్వ కాలమున పుట్టిన పరిశోధనాలయము నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థ యను పేర తార్నాకలో నున్నది. మన దేశమున తయారగు పురుగుమందులలో కొన్నిటి తయారీ విధానములు అచ్చట రూపుదిద్దుకొన్నవే. దాని దాపుననే, 1958లో కూనూరునుండి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థయు కలదు. ఇక తార్నాకనుండి హబ్సిగూడ మీదుగా నాచారము, మల్లాపురము, చర్లపల్లి వైపు సాగినచో అది పారిశ్రామికవాడల దిక్కు. చర్లపల్లిలో పెట్రోలు కంపెనీల నిల్వ కేంద్రములు కలవు.

విషముయొక్క గుణమును, దాని విరుగుడును చెప్పగల పండితులు ఒక ప్రక్క. అట్టి సరకులనే దినమును మోయు శ్రామికులు వేరొక ప్రక్క. నడుమనున్నది కొలది మైళ్ల రోడ్డు. అయినను ఆ విద్య ఆ రోడ్డు వెంబడి నడచివచ్చి హమాలీ చెవిని పడుట అరుదు. అడిక్‌మెట్ ప్రాంతమునే యిట్లు నమస్య అగుచుండగా, మారుమూల గ్రామముల సంగతి వేరుగ చెప్పనేల?

తెలియక మోయుటవలన నేమి జరుగునో తెలుపుటకు 1958వ సంవత్సరపు కేరళ వృత్తాంతము చాలును. గోధుమపిండి సంచులును, ఫాలిడాల్ అను పురుగుమందును ఒకే ఓడలో కొచ్చి రేవునకు వచ్చినవి. మందు కారి పిండికి సోకెను. ఆ పిండితో చేసిన పదార్థములు తిని నూరుమందికి పైగా మరణించిరి. అందెవ్వరికిని దురుద్దేశము లేదు. దొంగ లేడు, ద్రోహి లేడు. సరకు నెక్కించువానికి ఏది దేని ప్రక్కన నుంచరాదో తెలియదు, అంతియే. ఆ ఘోరమునుగూర్చి విచారణ జరిగిన పిమ్మట 1968లో పురుగుమందుల చట్టమును, 1971లో దాని నియమములును వచ్చినవి. తిను పదార్థములతో కలిపి పురుగుమందులు రవాణా చేయరాదని ఆ నియమములు స్పష్టముగ చెప్పుచున్నవి. డబ్బాలపై నేడు మనము చూచు రంగు గుర్తులును ఆ నియమములలోనివే. ఎరుపు అతి ఘోర విషము. పసుపు, నీలము, ఆకుపచ్చ క్రమముగ దానికంటె తక్కువవి. ఇంత జరిగి అరువది యేండ్లు దాటినది. అయినను ఎరుపు గుర్తు డబ్బాలమీద బియ్యపు మూటలు పెట్టి, వానిపై మనుష్యులు కూర్చుండి వచ్చు ట్రాలీలను మేము గ్రామములు తిరుగునప్పుడు నేటికిని చూచుచున్నాము.

ఇది పొరపాటువలని కీడు. బుద్ధిపూర్వకముగ కీడు చేయువాని చేతికి సరకు చిక్కుట రెండవది. ఈ రెండవదానినే మనవారు బొత్తిగ తలపరు.

అమెరికా దేశమున 1994లో ఒకడు మారుపేరుతో కాన్సాస్ రాష్ట్రములోని ఒక రైతుల సహకార సంఘమునకు పోయి, ఎరువని చెప్పి అమ్మోనియం నైట్రేటు బస్తాలు టన్నులకొలది కొనెను. మరుసటి సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీన ఓక్లహామా నగరమున ప్రభుత్వ భవనముకడ ఒక అద్దె లారీ ప్రేలి 168 మంది మరణించిరి. ఆ లారీలోనిది ఆ ఎరువే. మనవంటి రైతుల సంఘమే, మనవంటి గుమాస్తాయే, మన రసీదువంటి రసీదే. సంఘము తప్పు చేసినదని మేమనుట లేదు. నాటికి వారి కెవ్వరును ఇట్లు జరుగవచ్చునని చెప్పియుండలేదు.

మన హైదరాబాదు సంగతి చూతము. 2013 ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలమున దిల్‌సుఖ్‌నగర్‌లో జంట ప్రేలుళ్లు జరిగి 18 మంది మరణించిరి. ఆ బాంబులలో అమ్మోనియం నైట్రేటు వాడబడెనని దర్యాప్తులో తేలెను. దానికి ముందటి సంవత్సరము, అనగా 2012లోనే, అమ్మోనియం నైట్రేటు నియమములు మన దేశమున వెలువడియుండెను. నూటికి 45 పాళ్లకు మించి ఆ పదార్థముగల మిశ్రమములను, అందుండి దానిని వేరుచేయ వీలులేని ఎరువులు తప్ప, లైసెన్సు లేక తయారుచేయుట, నిల్వయుంచుట, తరలించుట, అమ్ముట కూడదని వాని సారాంశము. గనులకును, రాతిపనికిని అది కావలసిన పదార్థమే గాన పూర్తిగ నిషేధింప వీలులేదు. కాగితముమీద నియమము వ్రాసినంతమాత్రమున సరకు త్రోవ తప్పక నిలుచునా? త్రోవలోనున్న మనిషి దానిని నిలుపవలెను.

త్రోవ తప్పుట యెంత సులభమో 2010లో బయటపడెను. రాజస్థానములోని ధోల్‌పూరు కర్మాగారమునుండి మధ్యప్రదేశములోని సాగరునకు పోవలసిన ప్రేలుడు సరకు, అరువదికి మించిన లారీలది, చేరవలసిన చోటికి చేరలేదని తెలియవచ్చెను. ఒక లారీ తప్పిపోయిన దొంగతన మందుము. పదులకొలది లారీలు పోయిన నేమందుము? ఇంటిదొంగను ఈశ్వరుడైన పట్టలేడని మన పెద్దలు చెప్పిరి. ఎక్కించిన లెక్కను, దింపిన లెక్కతో ఏ దినమున కా దినము సరిచూచు మనిషి యొక్కడున్నను అన్ని లారీలు పోవుటకు వీలుండదు.

మరియొక సంగతి. 2021 మే 8వ తేదీన కడప జిల్లా మామిళ్లపల్లెలో గనికి తెచ్చిన జిలెటిన్ తూటాలను బండినుండి దింపుచుండగా అవి ప్రేలి పదిమంది దుర్మరణము పాలైరి. దింపుటయు రవాణాలో భాగమే. లారీ ఆగినంతనే అపాయ మాగదు.

2020 ఆగస్టు 4వ తేదీన బేరూత్ రేవులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేటు ప్రేలి రెండువందలమందికి పైగా చనిపోయిన పిమ్మట, చెన్నపట్టణమువద్ద 2015నుండి నిలిచియున్న దాదాపు 700 టన్నుల అదే సరకు సంగతి మన ప్రభుత్వమునకు జ్ఞప్తికి వచ్చెను. దానిని ఆ నెలలోనే లారీలపై హైదరాబాదునకు తరలించిరి. అన్ని వందల మైళ్ల దారి ఏ కీడును లేక జరిగినందుకు సంతోషింపవలసినదే. కాని అయిదేండ్లు ఊరకుండి, ఎచ్చటనో కొంప కాలిన పిమ్మట మేలుకొనుట దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు గదా!

చట్టము లేదని మేమనుట లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములు అపాయకరమైన సరకునుగూర్చి విపులముగ చెప్పుచున్నవి. సరకు పంపువాడు దాని స్వభావమును పూర్తిగ తెలుపవలెను. ఆ వివరములుగల ట్రెమ్ కార్డును డ్రైవరు తన గదిలో నుంచుకొనవలెను. లారీమీద సరకు పేరు, సంఖ్య, ఆపదలో పిలువవలసిన టెలిఫోను నెంబరుగల పలక ఉండవలెను. పెట్రోలు ట్యాంకరుపై 1203 అను సంఖ్య చూచియుందురు, అది ప్రపంచమంతటను పెట్రోలు గుర్తు. ప్రమాదము జరిగిన డ్రైవరు వెంటనే దగ్గరి పోలీసు ఠాణాకు తెలుపవలెను. అట్టి బండి నడపు డ్రైవరునకు మూడు దినముల శిక్షణయు విధింపబడినది.

మంచిదే. కాని ఆ శిక్షణ డ్రైవరునకు మాత్రమే. సరకునెత్తి వీపున వేసికొను హమాలీ మాటేమి? లారీ వెనుక పండుకొను క్లీనరు మాటేమి? రసీదు వ్రాయు గుమాస్తా మాటేమి? పైగా, ఆ మూడు దినములలో బండిని జాగ్రత్తగ నడపుటకును, సరకు కారిన, అంటుకొనిన చేయవలసినదానికిని ప్రాధాన్యము. ఎవడైన దొంగిలింప వచ్చిన, మోసమున దారి మరలింప జూచిన, దాని నెట్లు కనిపెట్టవలెనో అను పాఠము ప్రత్యేకముగ లేదు. అమెరికాలో 2003నుండి ఈ పాఠము అపాయకర సరకును తాకు ప్రతి పనివానికి విధి. నడపువాడును, ఎక్కించువాడును, దింపువాడును, కాగితములు వ్రాయువాడును నేర్వవలసినదే. క్రొత్తవాడు పనిలో చేరిన తొంబది దినములలో నేర్వవలెను, మూడేండ్ల కొకసారి మరల నేర్వవలెను. వారి గొప్పలన్నియు మనకు వలదు. ఈ ఒక్కటి మాత్రము మనము తెచ్చుకొనదగినది.

ఇట్లు చెప్పిన కొందరు, హమాలీలకివన్నియు చెప్పిన బెదరి పని మానుదురనియు, కూలి యెక్కువ అడుగుదురనియు, దొంగలకు దారి చూపినట్లగుననియు అనుచున్నారు. ఈ మాటలను మేము ఒప్పుకొనజాలము. లారీ ఏ రాత్రి బయలుదేరునో, ఎచ్చట భోజనమునకు నిలుచునో, లోపల ఎన్ని పెట్టెలున్నవో టీ దుకాణములలో అందరును చెప్పుకొనుచుందురు. ఆ పెట్టెలలోని సరకు స్వభావమును మాత్రము దానిని మోయువానికి చెప్పరు. దాచవలసినదానిని చాటుచున్నాము; చాటవలసినదానిని దాచుచున్నాము. ఈ తలక్రిందుల వ్యవహారమును సరిచేయుటయే భద్రత. ఇక కూలి మాటకు వచ్చిన, అపాయము తెలిసి మోయువాడు రెండు రూపాయలు ఎక్కువ అడుగుట న్యాయము. తెలియనీయక తక్కువ యిచ్చుట అన్యాయము.

మన సంఘము చేయదగిన పనులు అయిదు మాకు తోచుచున్నవి.

మొదటిది, ఎక్కించుటకు ముందే సరకు పేరును, దాని గుణమును, ఏది దేనితో కలుపరాదో హమాలీలకు తెలుగున చదివి వినిపించుట. కార్డు ఇంగ్లీషులో నున్న తెలుగు చేసి యుంచుట.

రెండవది, లెక్క. ఎక్కించునప్పుడు ఇద్దరు, దింపునప్పుడు ఇద్దరు లెక్కించి సంతకములు చేయవలెను. సీలు తెగియున్నను, ఒక్క పెట్టె తగ్గినను, ఆ గంటలోనే తెలుపవలెను. "రేపు చూతములే" అను మాట ఇచ్చట పనికిరాదు.

మూడవది, దారి. బయలుదేరు వేళయు, నిలుచు చోట్లును అక్కరలేనివారికి చెప్పరాదు. పరిచయము లేనివారిని దారిలో ఎక్కించుకొనరాదు. భోజనమునకు దిగిన, బండి కనబడునట్లు ఒకడు కూర్చుండవలెను.

నాలుగవది, చిరునామా మార్పు. "ఆ యూరు వలదు, ఈ రోడ్డు ప్రక్కన దింపు" మని ఎవడో టెలిఫోనులో చెప్పిన, చెప్పినవాని నెంబరునకు గాక కార్యదర్శి నెంబరునకు తిరిగి పిలిచి, ఆయన నోట విన్న తరువాతనే బండి మరల్చవలెను.

అయిదవది, కబురు. అనుమానము కలిగిన కార్యదర్శికిని, అవసరమైన 112 నెంబరునకును తెలుపవలెను. డ్రైవరుగాని హమాలీగాని తాను స్వయముగ ఎవ్వరితోను కలియబడరాదు. కబురందించుట వాని పని. పట్టుకొనుట పోలీసుల పని.

గోదాములో అమ్మకమునకు కూర్చుండువారికి మరియొక మాట. యూరియాను ఆధారు చూచి, యంత్రములో వ్రేలిముద్ర వేయించి ఇచ్చు పద్ధతి వచ్చినది. అయినను యంత్రము వ్రేలినే చూచును గాని మనిషిని చూడదు. ఏ పంటకని అడిగిన తడబడువాడు, మోతాదు తెలియనివాడు, రసీదు వలదనువాడు, ఇంటికి గాక నిర్జనమగు చోటికి పంపుమనువాడు, ధర చెప్పినంతనే మారుమాట లేక పైకము లెక్కించి యిచ్చువాడు వచ్చిన, రెండు ప్రశ్నలు ఎక్కువ అడుగుడు. బేరమాడని రైతును మన మెన్నడైన చూచితిమా?

అయితే ఇచ్చట ఒక హెచ్చరిక చేయక విడువజాలము. అనుమానము పనిమీద ఉండవలెను గాని మనిషిమీద కాదు. వేషము, భాష, మతము, కులము, ఏ రాష్ట్రమునుండి వచ్చినాడను సంగతి, ఇవి గుర్తులు కావు. బిహారునుండి పొట్ట చేతబట్టుకొని వచ్చి మన మిల్లులలోను గోదాములలోను బరువులు మోయువారున్నారు. వారి మాట మనకు తెలియదని వారిని దొంగలవలె చూచుట పాపము. 2007లో మక్కా మసీదు ప్రేలుడు పిమ్మట హైదరాబాదులో పలువురు యువకులు పట్టుబడి, చెరసాల ననుభవించి, తరువాత నిర్దోషులుగా విడుదలైరి. అట్టి తప్పుడు అనుమానమువలన అమాయకుని బ్రదుకు చెడుటయే గాక, అసలు దోషి తప్పించుకొనుటకు వ్యవధియు దొరకును. బిహారు హమాలీకి పాఠమును హిందీలో చెప్పుడు. వాడును మనవలెనే కావలి కాయును.

ఇంకొకటి. లెక్క తగ్గినదని కబురు చెప్పిన హమాలీ కూలిని కోసినను, బండి ఆలస్యమైనదని డ్రైవరుపై కోపించినను, మరునాటినుండి ఎవ్వడును నోరు మెదపడు. అనుమానముతో బండి నిలిపిన దినమున భత్యము తగ్గింపబడదని సంఘము వ్రాతమూలకముగ తెలుపవలెను. అనుమానము వట్టిదని తేలినను తెలిపినవానిని మెచ్చుకొనవలెను. ఈ ఒక్క మాట వ్రాసి గోడకంటించిన, పై అయిదు నియమములును వానంతట నవి నడచును. ఇది లేకున్న ఆ అయిదును వట్టి కాగితమే.

ఖర్చు మాట అడుగుదురు. సంవత్సరమునకు రెండు దినములు హమాలీలను, డ్రైవర్లను, గుమాస్తాను ఒకచోట కూర్చుండబెట్టి, ఆ దినముల కూలి సంఘమే యిచ్చి, తెలిసినవారిచే చెప్పించుట. అంతకుమించి లేదు. ఒక లారీ పురుగుమందులలో ఒక పెట్టె పోయిన నష్టమునకును ఇది తక్కువయే యగును. తార్నాక పండితులను, అడిక్‌మెట్ విశ్వవిద్యాలయపు సాంకేతిక కళాశాలవారిని సంఘములు కలసి కోరినచో వచ్చి చెప్పుదురనియే మా నమ్మకము. వారు రాజాలకున్న, వారు చెప్పిన పాఠమును తెలుగున అచ్చువేయించి తెచ్చుకొందము. ప్రతి సంఘము విడివిడిగ చేయజాలనిది పది సంఘములు కూడి చేయవచ్చును. సహకారమను పేరునకు అర్థమదియే గదా.

రాబోవు మహాజనసభలో ఎరువుల ధర, అప్పుల వడ్డీ చర్చకు వచ్చుట సహజము. ఆ చర్చలు ముగిసిన పిమ్మట సభ్యులలో నొకరు లేచి, మన గోదాములో సరకు మోయువారికి ఆ సరకు ఏమో చెప్పుచున్నామా యని కార్యదర్శి గారిని అడుగవలెనని ప్రార్థించుచున్నాము. అవునని సమాధానము వచ్చిన, ఎవరు, ఎప్పుడు చెప్పిరని మరల అడుగుడు. కాదని వచ్చిన, ఆ సభలోనే తీర్మానము చేసి, చెప్పుటకు తేదీ నిర్ణయింపుడు.